ఒమెగా చాప్టర్ రిజిస్టరు: ఒక నల్లజాతి ఫ్రటర్నిటీలో కన్నుమూసినవారి వివరాలు కాగితాల నుంచి పట్టికల్లోకి (ప్రాజెక్టు డైరీ)

పని ఇది: అమెరికాలో ఒమెగా సై ఫై ఫ్రటర్నిటీకి (కాలేజీల్లో పుట్టిన సోదర సంఘం) చెందిన ఒక గ్రాడ్యుయేట్ చాప్టర్‌లో (చదువు ముగిసినవారి శాఖ) చనిపోయిన సభ్యులందరి వివరాలూ ఒకచోటికి తేవడం. చేతిలో ఉన్న సరుకు: అట్టపెట్టెల్లో అంత్యక్రియల కరపత్రాలు, మినిట్స్ పుస్తకాలు, పాత సభ్యుల జాబితాలు, విడి ఫోటోలు. ఇలాంటి పనే వేరే చాప్టర్‌కో, చర్చికో, పాత విద్యార్థుల సంఘానికో చేసేవాళ్లకు ఏ దశలో ఏది బెడిసికొడుతుందో ముందే తెలియాలని ఈ డైరీ.

కొత్తవారికి నాలుగు ముక్కలు. తెల్లవారి విద్యార్థి సంఘాలు నల్లజాతి విద్యార్థులకు తలుపులు మూసిన రోజుల్లో ఈ ఫ్రటర్నిటీలు పుట్టాయి. ఆల్ఫా ఫై ఆల్ఫా 1906లో కార్నెల్‌లో, కప్పా ఆల్ఫా సై 1911 జనవరిలో ఇండియానా యూనివర్సిటీలో, ఒమెగా సై ఫై 1911 నవంబరు 17న వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో మొదలయ్యాయి. ఒమెగాను స్థాపించింది ఎడ్గర్ లవ్, ఆస్కార్ కూపర్, ఫ్రాంక్ కోల్మన్ అనే ముగ్గురు విద్యార్థులు, వాళ్లకు అండగా నిలిచిన జీవశాస్త్ర అధ్యాపకుడు ఎర్నెస్ట్ జస్ట్. చదువు అయిపోయినంత మాత్రాన సభ్యత్వం పోదు. అరవై ఏళ్లు దాటినవాళ్లూ గ్రాడ్యుయేట్ చాప్టర్లలో నెలనెలా సమావేశమవుతూనే ఉంటారు. చాప్టర్లకు గ్రీకు అక్షరాల పేర్లుంటాయి. ‘ఒమెగా’ అన్న పేరు మాత్రం బతికున్న ఏ చాప్టర్‌కూ పెట్టరు. చనిపోయిన బ్రదర్ (సభ్యుడు) ఒమెగా చాప్టర్‌లో చేరాడంటారు. ఆల్ఫా వాళ్లదీ అదే మాట. కప్పా వాళ్లు ‘చాప్టర్ ఇన్విజిబుల్’ అంటారు. మన రిజిస్టరు ఆ చాప్టర్‌దే.

దశ 0: ఏది ఎక్కించకూడదు

స్కానర్ తెరవకముందే ఈ జాబితా రాసి, చాప్టర్ అధ్యక్షుడు (వాళ్ల మాటలో బాసిలియస్), రికార్డులు చూసే కీపర్ ఇద్దరి చేతా సంతకం పెట్టించాలి. తర్వాత పెడదాంలే అంటే ఒక్కో పెట్టె దగ్గరా వాదనే.

1. అంత్యక్రియల్లో సభ్యులు జరిపే ‘ఒమెగా సర్వీస్’ పాఠం సభ్యులకే పరిమితం. పెట్టెలో దొరికితే స్కాన్ చేయకుండా కీపర్‌కి ఇచ్చేయాలి. సర్వీస్ జరిగిందన్న విషయం మాత్రం రాసుకోవచ్చు, అది కరపత్రంలోనే అచ్చయి ఉంటుంది.
2. సోషల్ సెక్యూరిటీ నంబర్లు (అమెరికా ప్రభుత్వ పింఛను పథకంలో ఒక్కో మనిషికీ ఇచ్చేవి). పాత సభ్యత్వ కార్డుల మీదా, సైనిక డిశ్చార్జి కాగితాల మీదా కనిపిస్తాయి. అందరూ చూసే ప్రతిలో ఆ చోటు నల్లగా కప్పాలి. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీస్తే చాలదు, కింద అక్షరాలు అలాగే ఉండి కాపీ అవుతాయి. బొమ్మ మీదే కప్పి, కొత్త ఫైలుగా సేవ్ చేసి, ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) మళ్లీ నడపాలి.
3. బతికున్న బంధువుల పేర్లు, చిరునామాలు. కరపత్రం చివర వరసగా ఉంటాయి. స్కాన్‌లో ఉండనివ్వండి, పట్టికలోకి ఎక్కించకండి.
4. మరణ కారణం. కుటుంబం తానుగా అచ్చువేసి ఉంటే తప్ప వద్దు.

దశ 1: ఊరందరికీ తెలిసిన ఐదుగురితో ఫారం పరీక్ష

చాప్టర్ సభ్యుల కాగితాలు ముట్టకముందు ఫారం నిలబడుతుందో లేదో తెలియాలి. అందుకు చరిత్రకారులు ఇప్పటికే జల్లెడ పట్టిన జీవితాలే మంచివి. అక్కడ తేడా వస్తే తప్పు కాగితంలో కాదు, ఫారంలోనే ఉన్నట్టు. ఒమెగా సభ్యుల్లో ఐదుగురిని తీసుకున్నాం: సైనికాధికారి చార్లెస్ యంగ్, పైన చెప్పిన ఎర్నెస్ట్ జస్ట్, చరిత్రకారుడు కార్టర్ వుడ్‌సన్, వైద్యుడు చార్లెస్ డ్రూ, కవి లాంగ్‌స్టన్ హ్యూస్.

మొదటి ఫారం ఒకే పట్టిక, 11 గడులు: పూర్తి పేరు, వాడుక పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, చేరిన చాప్టర్, చేరిన సంవత్సరం, వృత్తి, చనిపోయిన తేదీ, చనిపోయిన ఊరు, సమాధి, ఫోటో. ఐదుగురిలో ముగ్గురి దగ్గర విరిగింది.

యంగ్. 1864 మార్చి 12న కెంటకీలో పుట్టారు, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టా పుచ్చుకున్న మూడో నల్లజాతి అధికారి. 1922 జనవరి 8న నైజీరియాలోని లాగోస్‌లో చనిపోతే అక్కడే పాతిపెట్టారు. తర్వాత శవపేటికను అమెరికాకు తెచ్చి 1923 జూన్ 1న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో మళ్లీ ఖననం చేశారు. ‘సమాధి’ అన్న గడి ఒక్కటే కాబట్టి ఆర్లింగ్టన్ రాయగానే లాగోస్ చెరిగిపోతుంది. ఆ పక్కనే ఇంకో ఇబ్బంది: ఆయన పోయేనాటికి కల్నల్, 2022లో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు. ‘వృత్తి’ గడిలో ఏది రాసినా సగమే నిజం. (ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్‌లో ఆయన ఇల్లు ఒకప్పుడు ఈ ఫ్రటర్నిటీ చేతిలోనే ఉండేది. 2013లో జాతీయ స్మారకమైంది. ఇల్లు, ఫలకం, వీధి పేరు లాంటివాటికి మాత్రం ఫారంలో చోటివ్వలేదు. మొదలుపెడితే తెగదు.)

హ్యూస్. పుట్టిన సంవత్సరం 1902 అని దశాబ్దాలపాటు అన్నిచోట్లా అచ్చయింది. ఆయన 1901లోనే పుట్టినట్టు డిజిటైజ్ అయిన పాత నల్లజాతి పత్రికల్లోని చిన్న వార్తల వల్ల 2018లో బయటపడింది. ఇప్పుడు 1902ని చెరిపి 1901 రాస్తే, రేపు పాత పుస్తకం పట్టుకొచ్చిన మనిషి మళ్లీ 1902గా ‘దిద్దుతాడు’. రెండూ ఉండాలి, ఏది ఏ కాగితం చెబుతోందో పక్కనే ఉండాలి. హ్యూస్‌కి సమాధి కూడా లేదు. 1967 మే 22న పోయారు. అస్థికలు న్యూయార్క్‌లో హార్లెమ్‌లోని షోంబర్గ్ సెంటర్ అనే గ్రంథాలయంలో నేలలో పొదిగిన వృత్తం కింద ఉన్నాయి.

డ్రూ. రక్తంలోని ప్లాస్మాను నిల్వచేసే పద్ధతుల మీద పనిచేసిన వైద్యుడు. 1950 ఏప్రిల్ 1న తోటి వైద్యులతో కారులో టస్కీగీ వెళ్తుండగా నార్త్ కరొలైనాలో బర్లింగ్టన్ దగ్గర ప్రమాదం జరిగింది. తెల్లవారి ఆసుపత్రి చేర్చుకోనందువల్లే చనిపోయారన్న కథ ఊరూరా తిరిగింది. అది నిజం కాదు. అలమాన్స్ జనరల్ ఆసుపత్రిలో తెల్ల డాక్టర్లు వైద్యం చేశారు, గాయాలే అంత తీవ్రం. కారులో ఉన్న తోటి వైద్యుడు కూడా ఆ మాటే చెప్పాడు. అలాగని ఆ కథ గాలిలోంచి ఊడిపడలేదు. ఆ రోజుల్లో అలా వెనక్కి పంపిన ఆసుపత్రులు నిజంగానే ఉన్నాయి. ఇలాంటి కథలు చాప్టర్ పెద్దల నోట చాలా వినిపిస్తాయి. ఫారంలో వాటికి చోటు లేకపోతే ‘వివరాలు’ అనే ఖాళీలోకి చొరబడి నిజమై కూర్చుంటాయి. చోటిచ్చి, ‘కాగితం ఒప్పుకోలేదు’ అని గుర్తు పెట్టడమే మేలు.

వుడ్‌సన్, జస్ట్ ఇద్దరూ ఫారంలో ఇబ్బంది లేకుండా ఇమిడారు. కాకపోతే వుడ్‌సన్ 1950 ఏప్రిల్ 3న, అంటే డ్రూ పోయిన రెండు రోజులకు పోయారు. ఇద్దరినీ మేరీలాండ్‌లో సూట్‌ల్యాండ్ దగ్గరున్న లింకన్ మెమోరియల్ శ్మశానంలోనే ఖననం చేశారు. 1941 అక్టోబరు 27న పోయిన జస్ట్ సమాధి కూడా అక్కడే. ఒకే పత్రిక, ఒకే వారం, ఒకే శ్మశానం: ఆధారం గడిలో పత్రిక పేరు, తేదీ మాత్రమే రాస్తే ఎవరి వార్త ఎవరికి అతుక్కుంటుందో చెప్పలేం. పేజీ, కాలమ్ నంబరు తప్పనిసరి చేశాం.

మార్చిన తీరు:

1. పట్టిక ఒకటి కాదు, నాలుగు. సభ్యులు, వాదాలు, ఖననాలు, హోదాలు.
2. సభ్యుల పట్టికలో ఒక నంబరు, పేరు, ఫోటో ఫైలు మాత్రమే.
3. తేదీలు, ఊళ్లు, చాప్టర్లు అన్నీ వాదాల పట్టికలోకి వెళ్లాయి: సభ్యుని నంబరు, విషయం, విలువ, ఆధారం, ఆధారం తేదీ, స్థితి. స్థితి మూడు రకాలే: ఒప్పుకున్నది, తేలనిది, నిలబడనిది.
4. తేదీలు సంవత్సరం-నెల-రోజు వరసలో. సుమారుగా తెలిస్తే 1943~ అని, అనుమానముంటే 1943? అని. ఈ గుర్తులు ఈడీటీఎఫ్ అనే తేదీల పద్ధతిలోవి, సొంతంగా కనిపెట్టనక్కర్లేదు.
5. ఎక్సెల్ 1900కి ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు. యంగ్, వుడ్‌సన్, జస్ట్ ముగ్గురి పుట్టిన తేదీలూ అక్కడే తేలిపోయాయి. గడి రకాన్ని ‘టెక్స్ట్’ అని ముందే మార్చిపెట్టాలి.

*ఇప్పటిదాకా: మనుషులు 5. పట్టికలు 4. ఖననపు వరసలు 6 (యంగ్‌కి రెండు, హ్యూస్ అస్థికలకు ఒకటి). పుట్టిన సంవత్సరం రెండు రకాలుగా ఉన్నది 1. నిలబడనిదిగా గుర్తుపెట్టిన కథ 1.*

దశ 2: కరపత్రాలు స్కాన్ చేయడం

నల్లజాతి చర్చిల్లో అంత్యక్రియలకు అచ్చువేసే కరపత్రం ఆషామాషీ కాగితం కాదు. ముఖచిత్రం, కార్యక్రమ వరస, జీవిత చరిత్ర, సంతాప తీర్మానాలు, పాడె మోసేవారి పేర్లు, కృతజ్ఞతలు అన్నీ అందులోనే ఉంటాయి. పాత తెల్లవారి దినపత్రికల్లో వీళ్ల మరణవార్త రాకపోయినా ఈ కరపత్రం ఉంటుంది. వీటి విలువ తెలిసే జార్జియా డిజిటల్ లైబ్రరీ లాంటివి వీటినే ప్రత్యేక సంకలనాలుగా పెట్టాయి.

లెటర్ సైజు కాగితాన్ని మధ్యకు మడిచి, వెన్నున పిన్నులు కొట్టి ఉంటుంది. పేజీ 5.5 × 8.5 అంగుళాలు. లెక్క ముందే వేసుకోండి:

- అంగుళానికి 400 చుక్కలు, పూర్తి రంగు: 2200 × 3400 × 3 = పేజీకి 22.4 ఎంబీ. 8 పేజీల కరపత్రం 180 ఎంబీ.
- అంగుళానికి 600 చుక్కలు: పేజీకి 50.5 ఎంబీ. అదే కరపత్రం 404 ఎంబీ.
- 200 కరపత్రాలకు: 400 దగ్గర 36 జీబీ, 600 దగ్గర 81 జీబీ. మూడు ప్రతులు దాచాలి కాబట్టి 108 జీబీ, 243 జీబీ.

అక్షరాలున్న పేజీలకు 400 చాలు. అసలు ఫోటో దొరికితే 600. కరపత్రంలో అచ్చయిన ఫోటో వేరే సంగతి: అది చుక్కల అచ్చు. స్కానర్ చుక్కలూ అచ్చు చుక్కలూ కలిసి ముఖం మీద అలల గీతలు వస్తాయి. ఆ ఒక్క పేజీని 600లో తీసి, సాఫ్ట్‌వేర్లో ‘డీస్క్రీన్’ (అచ్చు చుక్కలను చెరిపే పని) నడిపి, ఆ తర్వాత చిన్నది చేయాలి. ముందు చిన్నది చేసి తర్వాత డీస్క్రీన్ నడిపితే గీతలు అలాగే ఉండి ముఖం మాత్రం మసకబారుతుంది. దాచే టిఫ్ ఫైలుకి డీస్క్రీన్ తగిలించవద్దు, చూపించే ప్రతికే.

ఒమెగా రంగులు ఊదా, ముదురు బంగారం. కరపత్రం ముఖచిత్రం చాలాసార్లు ఊదా మీద బంగారు అక్షరాలు. ఓసీఆర్ అక్కడ చేతులెత్తేస్తుంది. బొమ్మలో ఆకుపచ్చ చానెల్ ఒక్కటే విడదీస్తే ఊదా నల్లబడి, బంగారం తేలి చదువుకు వస్తుంది. మెరుపు సిరా అయితే ఫ్లాట్‌బెడ్ మీద మట్టిరంగులో పడుతుంది. అలాంటి అట్టను కెమెరాతో, ఒక పక్కనుంచి వాలుగా దీపం పెట్టి ఇంకో ఫోటో తీయాలి.

పని వరస:

1. తుప్పు పట్టిన పిన్నును గోటితో లాగితే కాగితం చిరుగుతుంది. కాగితానికీ పిన్నుకీ మధ్య పలచటి ప్లాస్టిక్ ముక్క పెట్టి, మైక్రో స్పాచులాతో కాళ్లు పైకెత్తి తీయాలి. కొత్త పిన్ను కొట్టొద్దు.
2. అంటుకునే పేజీల ఆల్బంలో ఉన్న ఫోటోను పీకొద్దు. డెంటల్ ఫ్లాస్‌ను రంపంలా వెనకనుంచి నడపాలి. కదలకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయాలి.
3. మడత విప్పి రెండేసి పేజీలు కలిపి స్కాన్ చేస్తే 8, 1 పక్కపక్కన పడతాయి. విడదీశాక పేజీల వరస చూసి పేరు పెట్టాలి. ఖాళీ పేజీని కూడా తీయాలి. చేత్తో రాసిన ఫోన్ నంబర్లూ, ‘చెక్కు పంపాం’ లాంటి మాటలూ దాని మీదే ఉంటాయి.
4. ఫైలు పేరు: సభ్యుని నంబరు, కాగితం రకం, పేజీ. మనిషి పేరు వద్దు, ఎందుకో దశ 5లో.
5. ప్రతి ఫైలుకీ షా-256 చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే సంఖ్య). మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊళ్లో.
6. కాగితాన్ని ఆమ్లం లేని ఫోల్డర్లో, ఫోటోను పాలియెస్టర్ తొడుగులో పెట్టాలి. రబ్బరు బ్యాండ్లు, పీవీసీ కవర్లు పారేయండి.

దశ 3: కరపత్రాన్ని చదవడం

టైపు చేసేవాళ్లందరూ ఒకే చోట పడతారు. అట్ట మీద పెద్దగా కనిపించేది ‘హోమ్‌గోయింగ్’ (అంత్యక్రియల) కార్యక్రమం తేదీ. అది చనిపోయిన తేదీ కాదు, చాలాసార్లు వారం తర్వాతది. చనిపోయిన తేదీ ‘సన్‌సెట్’ అన్న మాట పక్కనో, జీవిత చరిత్ర చివరి పేరాలోనో ఉంటుంది. ‘సన్‌రైజ్’ అంటే పుట్టిన తేదీ. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ రెండు మాటలు ముందే చెప్పకపోతే వాటిని కార్యక్రమం వేళలనుకుని దాటేస్తారు. ఫారంలో ‘కార్యక్రమం తేదీ’ అని విడిగా, చనిపోయిన తేదీకన్నా ముందు పెట్టాక ఈ గొడవ తగ్గింది. కంటికి ముందు తగిలేదానికి ముందే చోటిస్తే రెండో గడి దగ్గర ఆగి వెతుకుతారు.

ఆటోమేటిక్ తనిఖీ ఒకటి రాసుకోండి: చనిపోయిన తేదీ, కార్యక్రమం తేదీ ఒకటే అయితే ఎరుపు. తేడా 30 రోజులు దాటినా ఎరుపు.

చేరిన చాప్టర్ విషయంలో కరపత్రాన్ని నమ్మడం కష్టం. కుటుంబం రాసేది చివరగా ఉన్న చాప్టర్, కొడుకులకు గుర్తున్నది అదే కాబట్టి. కాలేజీలో దీక్ష ఇచ్చిన చాప్టర్ వేరు. వాదాల పట్టికలో ‘దీక్ష చాప్టర్’, ‘చివరి చాప్టర్’ రెండు విషయాలుగా ఉండాలి. దీక్షకి చాప్టర్ మినిట్స్, పాత జాబితా, ఫ్రటర్నిటీ పత్రిక ‘ఒరాకిల్’ (1919 నుంచి వస్తోంది) పై ఆధారాలు. కరపత్రం వాటి తర్వాతే.

పాడె మోసినవారి జాబితా మాత్రం బంగారం. గౌరవ పాల్‌బేరర్లుగా చాప్టర్ బ్రదర్స్ పేర్లు వరసగా ఉంటాయి. మినిట్స్ పోయిన సంవత్సరాల్లో ఎవరెవరు చాప్టర్లో ఉన్నారో తెలిసేది అక్కడే. అంతేకాదు, ఫలానా తేదీన ఆ మనిషి బతికే ఉన్నాడనడానికి అది కాగితం.

దశ 4: బయటి కాగితాలతో సరిచూడడం

ఎక్కువ సమయం తినే దశ ఇదే. ఒక్కో ఆధారం ఎక్కడ మోసం చేస్తుందో రాస్తాం, దొరికే చోట్లు మీకే దొరుకుతాయి.

సోషల్ సెక్యూరిటీ మరణ సూచిక, అంటే ఆ పథకంలో నమోదైన మరణాల జాబితా. 1962కి ముందు పోయినవారు అందులో బహు తక్కువ. 2013 చట్టం తర్వాత, చనిపోయి మూడేళ్లు కానివారి వివరాలు బయటికివ్వరు. పాత వరసల్లో చాలావాటికి నెల, సంవత్సరమే ఉంటాయి, రోజు ఉండదు. ‘చివరి నివాసం’ అన్నది చనిపోయిన ఊరు కాదు. కూతురింటికి వెళ్లి పోయినవాళ్లందరికీ పాత పిన్‌కోడే పడి ఉంటుంది. అసలు పేరే లేకపోయినా బతికున్నట్టు కాదు. ఈ చాప్టర్లలో టీచర్లు, ప్రొఫెసర్లు ఎక్కువ. ప్రభుత్వ స్కూళ్లవాళ్లు మొదట్లో ఆ పథకంలోనే లేరు. రైళ్లలో పనిచేసినవాళ్లది వేరే రిటైర్మెంట్ బోర్డు, వాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు 700 నుంచి 728 మధ్య మొదలవుతాయి. పుల్‌మన్ పోర్టర్ల (రైళ్ల స్లీపర్ పెట్టెల్లో పనిచేసినవాళ్లు) కోసం ఆ బోర్డు ఫైళ్లు అడగాలి.

మొదటి ప్రపంచయుద్ధపు రిజిస్ట్రేషన్ కార్డులు (సైన్యంలోకి పిలవడానికి మగవాళ్ల పేర్లు నమోదు చేసినవి). 1917 జూన్ కార్డు కింద ఎడమ మూల చిరిగి ఉంటే అది పాతబడిన కాగితం కాదు. ఆఫ్రికన్ సంతతివాడైతే ఆ మూల చించమని కార్డు మీదే అచ్చువేశారు. స్కాన్‌లో ఆ మూలను కత్తిరించి చక్కదిద్దకూడదు. గుమస్తాలు మరిచిపోయిన కార్డులూ ఉన్నాయి కాబట్టి మూల ఉన్నంత మాత్రాన ఆ కార్డు మనవాడిది కాదని తోసేయలేం.

సైనిక సర్వీసు ఫైళ్లు. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 దాకా ఆర్మీనుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. రెండు యుద్ధాల బ్రదర్స్ అందరూ ఆ కాలంవాళ్లే. ‘రికార్డు లేదు’ అని జవాబొస్తే ఆగిపోకుండా కౌంటీ కోర్టులో వెతకాలి. తిరిగొచ్చిన సైనికులు చాలామంది డిశ్చార్జి కాగితాన్ని అక్కడ నమోదు చేయించుకున్నారు.

నల్లజాతి వారపత్రికలు. షికాగో డిఫెండర్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్, పిట్స్‌బర్గ్ కొరియర్, నార్ఫోక్ జర్నల్ అండ్ గైడ్ లాంటివి. చాలా పబ్లిక్ లైబ్రరీ కార్డులతో ఇంట్లోంచే చదవొచ్చు. ‘గత మంగళవారం పోయారు’ అని ఉంటే పత్రిక తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టొద్దు. శనివారం తేదీ వేసుకున్న పత్రిక అంతకు ముందే అచ్చయి ఉంటుంది, వార్త రాసింది ఇంకా ముందు. అలాంటి తేదీకి ~ గుర్తు పెట్టి ‘తేలనిది’లో ఉంచాలి.

జనాభా లెక్కలు 72 ఏళ్లు గడిస్తేనే తెరుస్తారు. 1950వి 2022 ఏప్రిల్ 1న తెరిచారు. వయసుకి పెద్దగా పనికిరావు, వృత్తికీ వీధికీ పనికొస్తాయి.

మరణ ధ్రువపత్రం చనిపోయిన తేదీకి అన్నిటికన్నా గట్టిది. అందులోనే ఉన్న పుట్టిన తేదీ మాత్రం పక్కనున్న బంధువు చెప్పిన మాట. ఒకే కాగితం, రెండు విషయాలకు రెండు రకాల బలం. అందుకే స్థితిని కాగితానికి కాదు, ప్రతి వరసకూ విడిగా పెడుతున్నాం. నిబంధనలు రాష్ట్రానికో రకం. వర్జీనియాలో 25 ఏళ్లు దాటాక బహిరంగం.

*ఇప్పటిదాకా, మరణ తేదీకి నమ్మే వరస: 1. ధ్రువపత్రం 2. కరపత్రం లోపలి పేజీ 3. చాప్టర్ మినిట్స్ 4. వారపత్రిక 5. మరణ సూచిక. పుట్టిన తేదీకి: పుట్టుకకు ఎంత దగ్గర్లో రాస్తే అంత పైన.*

దశ 5: ఒకే పేరు, ఇద్దరు మనుషులు

పేర్ల రూపాలు కలపడానికి ఓపెన్‌రిఫైన్ అనే పట్టికలు శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ వాడాం. అక్షరాల తేడా కొలిచే పద్ధతితో క్లస్టర్ చేస్తే (ఒకేలా ఉన్న పేర్లను గుంపు చేస్తే) తండ్రినీ కొడుకునూ ఒకరిగా కలిపేస్తుంది. ఇంగ్లీషులో జూనియర్, సీనియర్ పొట్టి రూపాలకు తేడా ఒక్క అక్షరమే కదా. ఈ ఫ్రటర్నిటీలో తండ్రీకొడుకులు, తాతామనవలు ఒకే చాప్టర్లో ఉండడం మామూలు. ఫైలు పేరులో మనిషి పేరు వద్దన్నది అందుకే.

1. క్లస్టర్ చేయకముందే జూనియర్, సీనియర్, మూడోవాడు వగైరా తోకను విడి గడిలోకి లాగాలి.
2. తోకను గుర్తింపుగా వాడొద్దు. తండ్రి పోయాక జూనియర్ అనడం మానేసినవాళ్లు ఉన్నారు. అదే పేరు 1940లో కొడుకుది, 1960లో అతని కొడుకుది.
3. కలపాలంటే పేరుతో పాటు ఇంకో రెండు విషయాలు కుదరాలి. పుట్టిన సంవత్సరం, దీక్ష సంవత్సరం, భార్య పేరు, ఉద్యోగం, ఏవైనా రెండు.
4. పొడి అక్షరాలతో మాత్రమే ఉన్న పేరును విస్తరించొద్దు. జె. డబ్ల్యు. అని ఉంటే అలాగే.
5. కలిపిన రెండు నంబర్లలో పాతదాన్ని చెరపకుండా కొత్తదానికి దారి చూపించాలి. విడదీయాల్సి రావచ్చు.

కలపకుండా వదిలేసిన జంట వల్ల నష్టం తక్కువ, పేరు రెండుసార్లు చదువుతారు, అంతే. తప్పుగా కలిపిన జంటలో ఒక మనిషి పూర్తిగా మాయమైపోతాడు. అనుమానమొస్తే విడిగానే ఉంచండి.

దశ 6: సమాధుల దగ్గర

శ్మశానం ఆఫీసు కార్డును మాత్రమే చూసి ‘ఒప్పుకున్నది’ అని పెట్టొద్దు. షికాగో పక్కన ఆల్సిప్‌లోని బర్ ఓక్ శ్మశానంలో సమాధులు తవ్వి చోటును మళ్లీ అమ్ముకున్న సంగతి 2009లో బయటపడింది. కార్డుకీ నేలకీ సంబంధం తెగిపోయిన చోట్లు ఉన్నాయి. రిచ్‌మండ్‌లోని ఎవర్‌గ్రీన్, ఈస్ట్ ఎండ్ లాంటి పాత నల్లజాతి శ్మశానాలు దశాబ్దాలపాటు తీగల కింద పూడిపోయాయి, వాలంటీర్లు నరికి దారి తీయాల్సి వచ్చింది.

చోటు గుర్తించడానికి ఫోన్ జీపీఎస్ చాలదు. ఆరుబయట కూడా దాదాపు 5 మీటర్ల తేడా, చెట్ల కింద ఇంకా ఎక్కువ. సమాధి వెడల్పు మీటరుకి కాస్త అటూ ఇటూ. అంటే ఇరుపక్కలా నాలుగేసి సమాధులు ఆ తేడాలోనే ఉంటాయి. టేపే దిక్కు:

1. కదలని రెండు గుర్తులు ఎంచుకోవాలి. గేటు స్తంభం, పెద్ద కుటుంబ స్మారకం మూల. చెట్టు పనికిరాదు.
2. రెండిటి మధ్య దూరం కొలవాలి.
3. ఒక్కో గుర్తు నుంచి రాయి తల మధ్యకు దూరం కొలవాలి. సెంటీమీటర్ల దాకా రాయాలి.
4. రెండు దూరాలకు రెండు చోట్లు కుదురుతాయి, గీతకు అటొకటి ఇటొకటి. ఏ పక్కో తప్పకుండా రాయాలి. ఈ నాలుగోది మరిచిపోతే మిగతా మూడూ వృథా.

రాయి కడగడం: ముందు నీళ్లు బాగా పట్టించాలి, డీ/2 అనే రాళ్లు శుభ్రం చేసే ద్రావణం చల్లి పది పదిహేను నిమిషాలు ఆగాలి, మెత్తటి బ్రష్షుతో కిందనుంచి పైకి రుద్ది కడిగేయాలి. మరక మిగిలితే వదిలేయండి, తర్వాత వారాల్లో అదే తేలికపడుతుంది. బ్లీచ్, తీగ బ్రష్, ప్రెషర్ వాషర్ మూడూ నిషేధం. బ్లీచ్ ఉప్పు పాలరాయిలో దిగి లోపల్నుంచి పొడి చేస్తుంది. తట్టితే డొల్ల శబ్దం వచ్చే రాయిని, ఊగే రాయిని అసలు ముట్టొద్దు. అక్షరాలు కనబడాలని సుద్దపొడి, షేవింగ్ క్రీం పూసేవాళ్లున్నారు. అవసరం లేదు. ఎండ పడే వైపు అద్దం పట్టి వెలుగు పక్కనుంచి కొట్టిస్తే చాలు.

రాయే లేకపోతే, అర్హత ఉన్న మాజీ సైనికుడికి అమెరికా ప్రభుత్వపు వెటరన్స్ (మాజీ సైనికుల) విభాగం ఉచితంగా ఇస్తుంది. దరఖాస్తు ఫారం 40-1330. నేలబారు గ్రానైట్ పలక 24 × 12 అంగుళాలు, మందం 4 అంగుళాలు, బరువు దాదాపు 130 పౌండ్లు. నిలువు రాయి 42 × 13 × 4 అంగుళాలు, దాదాపు 230 పౌండ్లు. రాయి, రవాణా వాళ్లవి. ప్రైవేటు శ్మశానంలో పాతే ఖర్చు మనది. అది ముందే అడిగి తెలుసుకోండి. ఏ శ్మశానం ఏ రకం రాయి ఒప్పుకుంటుందో కూడా ముందే అడగాలి, పలకలకే అనుమతి ఉన్న చోటికి నిలువు రాయి వస్తే గేటు దగ్గరే ఆగుతుంది. 1990 నవంబరు 1కి ముందు పోయినవారికి సమాధి మీద అప్పటికే రాయి ఉంటే ఇవ్వరు. రాయి మీద చెక్కే చిహ్నాలు మత విశ్వాసాలవి, ఫ్రటర్నిటీ కవచం గుర్తు వాటిలో లేదు. కుటుంబం ఒప్పుకోకుండా దరఖాస్తును ముందుకు తోయొద్దు.

దశ 7: మార్చి 12 జాబితా

ఒమెగా సై ఫైలో ఏటా మార్చి 12 స్మారక దినం. చాప్టర్లన్నీ పోయినవారి పేర్లు చదివి సంస్మరణ జరుపుతాయి. రిజిస్టరు వాడకం మొదటగా అక్కడే. చదివే జాబితా రిజిస్టరు నకలు కాకూడదు. వేదిక మీద నిలబడ్డ చాప్లెయిన్‌కి (ప్రార్థన నడిపే సభ్యుడు) ‘~’ గుర్తు ఎందుకు?

ఒక్కో పేరుకి, సంవత్సరానికి, చిన్న విరామానికి కలిపి 7 సెకన్లు. 100 పేర్లకు 11 నిమిషాల 40 సెకన్లు, 200కి 23 నిమిషాల 20 సెకన్లు. 15 నిమిషాలు దాటితే ఇద్దరు చదవాలి, పుట మారే చోట కాకుండా దశాబ్దం మారే చోట మనిషి మారాలి. కొవ్వొత్తి వెలిగించడం కూడా ఉంటే పేరుకి 12 సెకన్లు వేసుకోండి.

1. పోయిన సంవత్సరం వరసలో పెట్టాలి. అక్షరక్రమంలో పెడితే తండ్రీకొడుకుల పేర్లు వెంటవెంటనే వచ్చి, రెండుసార్లు చదివారేమో అని సభలో జనం తలలు తిప్పి చూసుకుంటారు.
2. సంవత్సరం తేలనివాళ్లు ఆ దశాబ్దం చివర. సంవత్సరం చదవకుండా పేరు మాత్రం.
3. అక్షరాలు 18 పాయింట్లు, పుటకు 15 పేర్లు, ఒకవైపే అచ్చు. పుట చివర పేరు రెండు ముక్కలు కాకూడదు.
4. పలకడం కష్టమైన పేరు పక్కన, కుటుంబాన్ని అడిగి, పలికే తీరు రాయాలి. అడగకుండా ఊహించొద్దు.
5. రిజిస్టరులో ‘తేలనిది’గా ఉన్న మరణాన్ని, అంటే పోయారో లేదో కాగితం దొరకనివారిని, జాబితాలో చేర్చొద్దు. జాబితాలో పేరున్న మనిషి సభకు నడిచొస్తే సర్దిచెప్పడం కష్టం.
6. ఫిబ్రవరి చివరి రోజున జాబితా మూసేయాలి. ఆ తర్వాత పోయిన బ్రదర్ పేరును (ఐదో నియమానికి మినహాయింపు) ఖాళీగా వదిలిన చివరి పుటలో కీపర్ చేత్తో రాసి, పక్కన తేదీ, కబురు తెచ్చినవారి పేరు వేయాలి. ఆ పుటనే స్కాన్ చేసి వాదాల పట్టికలో కొత్త వరసగా ఎక్కించాలి. ఆధారం: చాప్టర్ జాబితా, చేతిరాత. స్థితి: తేలనిది, కరపత్రం వచ్చేదాకా.